రోడ్డు మింగిన మూడు మెట్లు

నాది మంచి నోరు కాదని మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ చెబుతూనే ఉంది. అలంపూరు వాళ్లనడిగితే ఇంకా గట్టిగా చెబుతారు. ఆ ఊళ్లో పాత గుళ్ల చుట్టూ ఉన్న వీధుల్లో ఎవరైనా ఇంటి ముందు గోడ ఎత్తాలన్నా, కిటికీ మార్చాలన్నా, ఆఖరికి రంగు వేయాలన్నా ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కాగితం పట్టుకుని వెళ్లి, టేపు వేసి కొలిచి, ఫోటో తీసి, "చేసుకోవచ్చు" అనో "వీల్లేదు" అనో రిపోర్టు రాయడం నా పని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కాంట్రాక్టు మీద ఆ ఉద్యోగంలో చేరాను. ఆఫీసు గద్వాలలో, ఇల్లు వనపర్తిలో, తిట్లు తినేది అలంపూరులో. నేను వీధి మలుపు తిరగ్గానే "టేపు సారొచ్చిండు, పైంటు డబ్బాలు లోపల పెట్టుండ్రి" అని ఎవరో ఒకరు అరిచేవాళ్లు. నాకు వినపడాలనే అరిచేవాళ్లు.

నేనూ తక్కువ తినలేదు. ఒకాయన గుడికి ఎదురుగా ఉన్న గోడకు స్నానాల గదిలో వేసే నీలం పలకలు అతికించాడు. వాటి మీద డాల్ఫిన్లు ఎగురుతున్నాయి. తీసేయాలంటే, "ఎందుకు సార్, నీళ్లు గొడితే తళతళ మెరుస్తయి గదా" అని నాకే నచ్చజెప్పాడు. మూడుసార్లు తిరిగి, నాలుగోసారి వీధంతా వినేలా అరిస్తే గానీ ఆ చేపలు గోడ దిగలేదు. మాకున్న రూలు ఒక్కటే: ఇంటి ముందుభాగం ఎట్లా ఉండేదో అట్లాగే ఉండాలి. ఎట్లా ఉండేదో ఎవరు చెప్పాలి? నా రిజిస్టరు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన ఏడే ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ రాశాను. గోడ ఎత్తు, అరుగు ఎత్తు, మెట్లెన్ని, తలుపు దేంతో చేసింది, పక్కన ఫోటో. ఆ రిజిస్టరంటే నాకు ప్రాణం. అందులో లేనిది ఊళ్లోనే లేదనుకునేవాణ్ని.

ఐదారేళ్లు గడిచాక ఒక ఎండాకాలంలో ఒక పెద్దామె దరఖాస్తు నా చేతికొచ్చింది. గుడికి పోయే దారిలో పూలూ కొబ్బరికాయలూ అమ్ముకుంటుంది. వాళ్లది మట్టిగోడల మిద్దె. అంతకుముందు ఏడాది వానలకు వీధి వైపు గోడ తడిసి తడిసి కూలిపోయింది. అప్పటి నుంచి ఆ పక్కంతా పరదా కట్టుకుని వెనక గదిలో ఉంటున్నారు. భర్తకు పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది, ఎడమ చెయ్యి ఒక్కటే ఆయన మాట వింటుంది. గోడ మళ్లీ కట్టుకుంటాం, అరుగు మూడు మెట్ల ఎత్తు లేపుకుంటాం అని కాగితంలో ఉంది.

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. ఎండకు తల మాడిపోతోంది, నోరు అసలే మంచిది కాదు. రిజిస్టరు తెరిస్తే ఆ ఇంటి పేజీలో నా దస్తూరీలోనే ఉంది: మెట్లు రెండు, అరుగు పద్నాలుగు అంగుళాలు.

"గోడ కట్టుకో అమ్మా, అడ్డం జెప్ప. అరుగు లేపుతనంటే మాత్రం కుదరదు. రిజిస్టర్ల రెండు మెట్లే ఉన్నయి" అన్నాను.

"లేపుడు కాదు సారూ. మా అత్త కాలంల అయిదుండె. నేను కొత్తకోడలొచ్చిన్నాడు ఒక్కో మెట్టు మీద ఒక్కో తమలపాకు పెట్టిండ్రు. ఆకు తొక్కకుంట ఎక్కాలె. అయిదాకులు దాటి ఎక్కిన, నాకు తెల్వదా?"

"మరి మూడు మెట్లు యాడికి వోయినయి? కాళ్లొచ్చి నడిచిపోయినయా?"

"రోడ్డు మింగింది. ఒకపారి కంకర పోసిండ్రు. ఒకపారి డాంబరు పోసిండ్రు. ఆఖరుకు సిమెంటు పోసిండ్రు. పోసినప్పుడల్లా ఒకటి పోయింది."

నోటిమాట మీద రిపోర్టు రాయలేనన్నాను. అప్పుడామె పూలబుట్ట పక్కన పెట్టి, పరదా ఎత్తి నన్ను లోపలికి చూడమంది. మంచం నాలుగు కోళ్ల కింద మూడేసి ఇటుకలున్నాయి.

"జర చూడు సారూ. పెద్ద వానొస్తే మోరి పొంగుతది. రోడ్డు మీది నీళ్లు సక్కగ ఈయన మంచం కిందికొస్తయి. నేనొక్కదాన్ని, మనిషిని లేపలేను. ఒక్కొక్క కోడు లేపి ఇటుక దోపుకుంట కూసుంట. పోయినేడు గోడ కూలిన్నాడు మంచం పట్టెదాక వచ్చినయి. వాడకట్టోళ్లు ఉరికొచ్చిండ్రు గాబట్టి బతికిండు. అందరు ఊళ్లె లేని దినం వానొస్తే నేనేం జేయాలె?"

మేస్త్రి కూడా తొందరపెడుతున్నాడని చెప్పింది. ఆషాఢం వచ్చిందంటే దర్వాజ ఎత్తరు. గుమ్మం నిలబెట్టకుండా గోడ లేవదు. శ్రావణం దాకా ఆగితే ఈ వానాకాలమూ పరదా కిందే గడవాలి. మంచంలోంచి పెద్దాయన ఎడమ చెయ్యి పైకెత్తి ఐదు వేళ్లూ చాపి నాకు చూపించాడు.

"ఆయన గూడ అయిదంటుండు" అందామె.

"చెయ్యి జూపిస్తే కొలతలైతయా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా బస్సులో కూర్చున్నప్పుడు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

గద్వాల వెళ్లి రిపోర్టు రాశాను. గోడ కట్టుకొనవచ్చును, అరుగు ఎత్తు పెంచుటకు వీలు లేదు. శుక్రవారం సాయంత్రం దాన్ని మా పెద్ద సారు బల్ల మీద ఫైళ్లలో పెట్టి, శనివారం వనపర్తి ఇంటికి పోయాను.

మా వీధిలో ఆ వారమే కొత్త సిమెంటు రోడ్డు పోశారు. సంచి భుజానేసుకుని ఎప్పటిలాగే మెట్టు ఎక్కబోయాను. మెట్టు లేదు. ఎత్తిన కాలు ఠక్కున కిందికి దిగి, గడపకు బొటనవేలు తగిలి, అమ్మా అని అరిచాను. మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి చూసి నవ్వింది.

"మొన్నటిదాక ఎక్కొస్తుంటిమి, ఇంక దిగొస్తం. ఒక్క మెట్టుండె, అది గూడ పాయె. వానొస్తే నీళ్లు మనకు చెప్పకుంటనే లోపలికొస్తయి" అంది.

"ఎవడు పోయమన్నడే ఇంత ఎత్తు? పాతది తవ్వి పొయ్యొద్దా?" అని కాంట్రాక్టరును తిట్టడం మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. వేలు నొప్పి కూడా మరిచిపోయాను.

నాకు గుర్తొచ్చింది. రిజిస్టరు రాసిన ఏడు ఆ పూలమ్మే ఆమె ఇంటికి పోయినప్పుడు ఆ పెద్దాయన నిటారుగా అరుగు మీద నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాల. ఎండలో వచ్చానని చెంబు నిండా మజ్జిగ ఇచ్చాడు. "అయిదు మెట్లని రాయి సారూ, మూడు కిందున్నయి" అన్నాడు. నేను టేపు రోడ్డు మీద ఆనించి, "కనపడేదే రాస్త పెద్దాయనా. భూమిల ఉన్నది రాయనీకి నేను పాతాళం పోయొచ్చిన్నా?" అని నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, రెండు మెట్లని రాసుకుని వచ్చేశాను. ఇప్పుడు అదే మనిషి మాట లేక ఐదు వేళ్లు చూపిస్తే, నా తప్పుడు రాతనే ఆయనకు సాక్ష్యంగా చూపించి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. ముద్ద దిగలేదు.

"ఏంది, ఆకలి గూడ రిజిస్టర్ల రాసిలేదా?" అంది మా ఆవిడ. చెప్పాను. అంతా విని, "అయితే పోయి తవ్వు. లేకుంటే ఆ ముసలాయన ఉసురు తగుల్తది" అంది. ఎగతాళి చేయడమూ తనే, దారి చూపించడమూ తనే.

సోమవారం ఆఫీసు తలుపు తీసేటప్పటికే అక్కడున్నాను. పెద్ద సారు రాకముందే ఆ రిపోర్టును ఫైళ్లలోంచి లాగి జేబులో పెట్టుకున్నాను. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. ఏటా ఆ నెలలోనే మా కాంట్రాక్టు కాగితాల మీద ఆయన సంతకం పడాలి మరి. బస్సెక్కి అలంపూరు చౌరస్తాలో దిగి, ఆటోలో ఊళ్లోకి పోయి, తెలిసిన ఇంట్లో గడ్డపార అడిగి తీసుకున్నాను.

"అమ్మా, తవ్వి చూద్దం. దొరికితే నీ అదృష్టం. దొరక్కుంటే నన్నేమనొద్దు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దొరుకుతయి. అన్నిటికంటె అడుగున్న మెట్టు మీద పద్నాలుగు గుంటలుంటయి చూడు. మా అత్త చెక్కిచ్చింది, వామనగుంటలాడనీకి" అంది. రెండు వరుసల గుంటల్లో చింతగింజలు పంచుకుంటూ ఆడే ఆట అది. మధ్యాహ్నాలు వీధిలోని ఆడవాళ్లంతా ఆ మెట్టు దగ్గరే చేరేవాళ్లట.

మెట్ల ముందు సిమెంటు రోడ్డు అంచు పగిలి మూరెడు మేర మట్టి కనిపిస్తోంది. అక్కడ గడ్డపార దించాను. నాలుగు పోట్లు పొడిచానో లేదో జనం చేరారు. డాల్ఫిన్ల ఆయన అందరికంటే ముందు.

"ఏం సారూ, నిధి గిట్ల ఉన్నదా? రోడ్డు తవ్వనీకి పర్మిషన్ తీసుకున్నవా? దరఖాస్తేది?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆయనకు బాకీ తీర్చుకునే రోజు వచ్చింది. నేను తవ్వుతూనే ఉన్నాను. నాకు పని చేతకాదని చూసి, చివరికి ఆయనే పంచె ఎగ్గట్టి నా చేతిలోంచి గడ్డపార గుంజుకున్నాడు.

డాంబరు పెచ్చులు వచ్చాయి. కంకర వచ్చింది. నల్లటి మోరి మట్టి, పగిలిన గాజు ముక్కలు, ఒంటి చెప్పు ఒకటి వచ్చాయి. జానెడు లోతు పోయినా రాయి తగల్లేదు. మూడో మెట్టు ఉండాల్సిన చోట ఉత్త మట్టి. పెద్దామె ముఖం చూడలేక రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. "సిమెంటు పోసినోళ్లు ఒకటి పీకేసిండ్రు, నాకు యాదికున్నది. ఆపకుండ్రి, తవ్వుండ్రి" అంటోందామె. ఆ మాట నమ్మాలో లేదో తెలియలేదు నాకు.

ఇంకో రెండు పోట్లు పడ్డాయి. ఠంగుమంది.

ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. డాల్ఫిన్ల ఆయన గడ్డపార పారేసి చేతుల్తోనే మట్టి తోడాడు. షాబాదు బండ, అంచు నున్నగా అరిగిపోయి ఉంది. నాలుగో మెట్టు. దాని కింద, ఇంకాస్త ముందుకు, మరొక బండ. పెద్దామె లోపలికి ఉరికి బిందె తెచ్చి దాని మీద నీళ్లు కుమ్మరించి, మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో రుద్దింది. మట్టి కరుగుతుంటే ఒక గుంట కనిపించింది. తర్వాత దాని పక్కది. జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రోడ్డు పగలగొడుతూ ఒక్కొక్క గుంటా తేలుస్తుంటే అందరి గొంతులూ కలిసి పన్నెండు, పదమూడు, పద్నాలుగు అన్నాయి. ఎవరో ఈల వేశారు. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. రెండు రోజులుగా గుండె మీద కూర్చున్న బండ కూడా దాంతోపాటే లేచింది.

లోపలికి పోయి పెద్దాయన ముందు నిలబడి ఐదు వేళ్లు చూపించాను. ఆయన నోరు ఒక పక్కకు వంగి నవ్వింది. ఎడమ చేత్తో నా చేతిని పట్టుకుని ఊపాడు.

ఆ సాయంత్రమే గద్వాలకు వచ్చి, రిజిస్టర్లో ఆ పేజీ తీసి ఎర్రసిరాతో రెండు కొట్టేసి ఐదు రాశాను. పక్కన "కొలిచినవాని పొరపాటు" అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు మా పెద్ద సారు ముందు పెట్టాను. ఆయన తక్కువ మాటల మనిషి, ఎప్పుడూ వక్కపలుకు దవడన ఉంటుంది. ఎర్రసిరా చూసి ముఖం చిట్లించాడు.

"కొలిచినోడెవడు?"

"నేనే సార్."

"దిద్దినోడు?"

"అది గూడ నేనే సార్."

"రోడ్డు మీదికెల్లి కొలిస్తివి. మరి మిగిలిన ఇండ్ల సంగతేంది?"

"అవి గూడ రోడ్డు మీదికెల్లే కొలిచిన సార్" అన్నాను. నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను. ఇంటికి పోయి మా ఆవిడకు ఎట్లా చెప్పాలా అని కూడా మనసులో మాటలు కూర్చుకున్నాను.

ఆయన ఫైలు మూసి, తనే వచ్చి చూస్తానన్నాడు. గురువారం అలంపూరు వచ్చి, తవ్విన గోతిలోకి తొంగి చూసి, చెప్పులు విడిచి అందులోకి దిగాడు. ఆ పద్నాలుగు గుంటల మీద వేళ్లు ఆడించాడు. "మా అమ్మమ్మ ఇంట్ల గూడ ఉండె ఇట్లాంటి బండ" అన్నాడు. పైకొచ్చి అక్కడే, డాల్ఫిన్ల ఆయన అరుగు మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. వీధికి మునుపెంత ఎత్తుండెనో అంత ఎత్తు, ఐదు మెట్లు. నా వైపు తిరిగి, "నువ్వు అన్ని ఇండ్లు మళ్ల కొలువు. గడ్డపార వెంట పెట్టుకో" అన్నాడు. కాంట్రాక్టు కాగితాల మీద కూడా ఆ వారమే సంతకం పడింది. అన్ని ఇళ్లూ మళ్లీ కొలవమంటే అంత సంబరపడిన మనిషి ప్రపంచంలో నేనొక్కణ్నే ఉంటాను.

ఆషాఢం ఇంకా మూడు రోజుల్లో వస్తుందనగా దర్వాజ ఎత్తారు. నన్నూ పిలిచారు. పాత రాళ్లే తీసి కడిగి మళ్లీ పేర్చారు. గుంటల బండ మళ్లీ అడుగునే, ఈసారి రోడ్డు పైన. పీకేసిన మూడోదానికి మాత్రం కొత్త బండ వేశారు. పెద్దామె ఐదు మెట్ల మీద ఐదు తమలపాకులు పెట్టింది.

"ఆకు తొక్కకుంట ఎక్కు సారూ. నీకు కిందికి చూసి నడుసుడు రాదు" అంది. వీధంతా నవ్వింది. నేనూ నవ్వి, జాగ్రత్తగా ఎక్కాను.

శ్రావణంలో ఒకరోజు సాయంత్రం పట్టుకున్న వాన తెల్లారినా వదల్లేదు. గద్వాలలో నేనుండే అద్దె గది ముందే మోకాటి లోతు నీళ్లు. నాకు కుదురు లేదు. కాగితం మీద ఐదు మెట్లు రాయడం వేరు, వాన వినడం వేరు. మొదటి బస్సు పట్టుకుని పోయాను. ఆ వీధిలోకి దిగేసరికి చెప్పులు చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. మోరి, రోడ్డు అన్న తేడా లేదు, అంతా ఎర్రనీళ్లు. పోయినేడు ఆ ఇంటి గోడ కూలింది ఇట్లాంటి వానకే.

అరుగు మీద మంచం వేసి ఉంది. కోళ్ల కింద ఇటుకలు లేవు. పెద్దాయన దిండుకు ఆనుకుని వాన చూస్తున్నాడు, పక్కన ఆమె పూలు కడుతోంది. నన్ను చూడగానే ఆయన ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఈసారి రెండే వేళ్లు. మూడు మెట్లు నీళ్లలో ఉన్నాయి, రెండు పైకి కనిపిస్తున్నాయి. ఒకప్పుడు నేను రిజిస్టర్లో రాసుకుపోయిన లెక్క అదే. ఆయన వంకర నోటితో నవ్వుతున్నాడు. నన్ను ఏడిపిస్తున్నాడని అర్థమై నేనూ తడిసిన ముఖంతో నవ్వాను.

"ఎక్కి రా బిడ్డా, తడుస్తున్నవ్. చాయ్ పెడ్త" అందామె. అంతవరకూ నన్ను సారూ అనే పిలిచేది.

మునిగిన మూడు మెట్లు కాలితో తడుముకుని, పైకున్న రెండు మెట్లు ఎక్కాను. చాయ్ సంగతి తర్వాత. ముందు వంగి, ఆయన మంచం కింద అరచెయ్యి పెట్టి చూశాను. నేల పొడిగా ఉంది.